గోదావరి దాటితే మన పూజ ఉంటుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. తాతల నాటి నుంచి క్యాథలిక్కులం. మా ఆయనకు మంచిర్యాల బదిలీ అయింది. పాత పద్ధతులు పాటించే, మమ్మల్ని కలుపుకునే విచారణ అక్కడ దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుందమ్మా. కాకపోతే గోదావరి దాటగానే ఆచారం మారుతుంది. మీ కరీంనగర్ వరంగల్ మేత్రాసనంలోనిది, లాటిన్ ఆచారం. అవతల 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనం సీరో మలబార్ వారిది. దాని పీఠం మంచిర్యాలలోనే ఉంది. పోపుగారు మాత్రం ఒక్కరే. అక్కడి ఆదివారం పూజకు వెళ్లినా మీ బాధ్యత తీరినట్టే, సత్ప్రసాదమూ తీసుకోవచ్చు. ఎన్నేళ్లు వెళ్లినా, అంతమాత్రాన మీ ఆచారం మారిపోదు.

తేడాలు కొన్ని కనిపిస్తాయి. విభూతి బుధవారం ఏదని పిల్లలు అడుగుతారు. ఆ సంప్రదాయంలో తపస్సుకాలం సోమవారమే మొదలవుతుంది. 2021 నాటి వారి సినడ్ నిర్ణయం ప్రకారం పూజ నడిమి భాగంలో గురువు బలిపీఠం వైపే తిరిగి ఉండాలి. పాతకాలపు భక్తి కోరుకునే మీకు అది నచ్చుతుందనే నా నమ్మకం. లాటిన్ భాషలో పాత పూజ అంటారా, దానికిప్పుడు బిషప్ అనుమతి కావాలి. ఆశ పెట్టుకోకండి.

ఇల్లు అద్దెకు మాట్లాడకముందే ఒక ఆదివారం వెళ్లి రండి. పూజయ్యాక చెప్పులు వేసుకుని వెంటనే బయల్దేరకండి, పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడండి. "ఏ ఊరమ్మా మీది?" అని ఒక్కరు పలకరించినా సగం పని అయినట్టే. జ్ఞానస్నాన పత్రాలు, మీ విచారణ గురువు ఉత్తరం సంచిలో ఉంచుకోండి.