సాక్షి సమన్లు వచ్చాయా? సెలవు ఇలా అడగండి

రోడ్డు ప్రమాదం కళ్లారా చూశారు. దెబ్బలు తగిలిన మనిషిని ఆటో ఎక్కించారు, పోలీసులు అడిగితే చూసింది చూసినట్టు చెప్పారు. రెండేళ్లు గడిచాక కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మేనేజరేమో ‘నెలాఖరు పని ఉంది, ఇంకో వాయిదాకి వెళ్లు’ అంటున్నారు. ఏం చేయాలి?

వెళ్లి తీరాలి. సమన్లు కోర్టు ఆజ్ఞ. కావాలని గైర్హాజరైతే భారతీయ న్యాయ సంహిత 208వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఆఫీసులో పని ఉంది’ అంటే అక్కడ చెల్లదు.

ఇక సెలవు సంగతి. ప్రభుత్వ ఉద్యోగి తన విధుల్లో తెలిసిన విషయం మీద సాక్ష్యం చెబితే ఆ రోజు డ్యూటీ కిందే లెక్క. సొంత ప్రయోజనం లేని మరో కేసులో సాక్షిగా పిలిస్తే ప్రత్యేక ఆకస్మిక సెలవు అడగవచ్చు. సొంత ఆస్తి తగాదాకో, విడాకుల కేసుకో వెళ్తే మాత్రం తన ఖాతాలోని సెలవే వాడుకోవాలి.

ప్రైవేటు దుకాణాలు, సంస్థల్లో పనిచేసేవారికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఆధారం. అందులో కోర్టు సెలవని విడిగా లేదు. అయితే సహేతుకమైన ఏ కారణానికైనా ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో క్యాజువల్ లీవు ఉంది. సమన్ల కన్నా సహేతుకమైన కారణం ఏముంటుంది? ముందుగా మీ నియామక పత్రం, కంపెనీ సెలవు నిబంధనలు చూడండి. కొన్ని సంస్థలు సాక్షులకు విడిగా సెలవు ఇస్తాయి.

అడిగే పద్ధతి ముఖ్యం. సమన్లు అందిన రోజే హెచ్చార్‌కు మెయిల్ పెట్టండి, సమన్ల కాపీ జతచేయండి. ‘ఫలానా తేదీన ఫలానా కోర్టులో సాక్షిగా హాజరు కావాలని సమన్లు అందాయి. ఆ రోజు జీతంతో కూడిన సెలవు మంజూరు చేయగలరు. హాజరు పత్రం తర్వాత అందజేస్తాను’ అని రాస్తే చాలు. నోటిమాటతో వదిలేయకండి. ముందురోజు ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు వివరాలు చూసుకోండి. సాక్ష్యం అయ్యాక బెంచ్ క్లర్కును అడిగి హాజరు పత్రం తీసుకోండి. వాయిదా పడితే కొత్త తేదీ అప్పుడే ఆఫీసుకు తెలపండి.

బత్తా సంగతీ మరవకండి. సివిల్ కేసులో మిమ్మల్ని పిలిపించిన కక్షిదారే మీ దారిఖర్చులు కోర్టులో కట్టాలి. క్రిమినల్ కేసులో సాక్షి ఖర్చులు ప్రభుత్వం భరించేలా కోర్టు ఆదేశించవచ్చు.

మీరే కక్షిదారైతే ప్రతి వాయిదాకీ సెలవు పెట్టేముందు వకీలును అడగండి. సివిల్ కేసుల్లో చాలా వాయిదాలకు ఆయన హాజరైతే సరిపోతుంది. నిందితులైతే తగిన కారణం చూపి, ఆ రోజు హాజరు నుంచి మినహాయింపు కోరే ఆబ్సెంట్ పిటిషన్ వేయించవచ్చు, కానీ దాన్ని అనుమతించేది కోర్టే. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

మేనేజర్లకూ ఒక మనవి. ఈ రోజు మీ ఉద్యోగిని ఆపితే ఆ కేసు వాయిదా పడుతుంది. ప్రమాదంలో దెబ్బలు తగిలిన ఆ మనిషి కూలి మానుకుని మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. అందుకే ఆ ఒక్క రోజు సెలవు ఇవ్వండి, జీతం కోయకండి.