రాలిన గింజకు చోటు



రాలిన గింజ నుంచి తమంతట తామే మొలిచే మొక్కలు తెలుగు పెరళ్లలో చాలానే ఉన్నాయి. తులసి, సబ్జా, బంతి, కనకాంబరం, చంద్రకాంత, బిళ్లగన్నేరు, సీతజడ, తోటకూర అన్నీ ఆ కోవలోవే. వీటిని ఏటా కొని నాటే పని లేదు. కొత్తగా తోట వేసుకున్న ఇళ్లలో ఇవి నిలవకపోవడానికి ఎక్కువగా అతి శుభ్రతే కారణం. పువ్వు వాడగానే తుంచేసి, వారం వారం మట్టి గుల్ల చేసి, రాలిన ఆకంతా ఊడ్చేసే మడిలో గింజ ముదరదు. ముదిరినా, మొలిచేంత పైపైన మిగలదు.

తులసి కంకులు తుంచాలన్న పెద్దల మాట సరైనదే. కంకి ముదిరేకొద్దీ కొత్త చిగురు తగ్గి కాడ కట్టెబారుతుంది. అలాగని అన్నీ తుంచేస్తే విత్తనం ఉండదు కాబట్టి మొక్కకు రెండు మూడు కంకులు గోధుమ రంగుకు తిరిగేదాకా ఉంచాలి. ఎండిన కంకిని అరచేతిలో నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోయి ఆవగింజ కన్నా చిన్న గింజలు మిగులుతాయి. ఒక్కో పువ్వు అడుగున ఎండిన గిన్నెలాంటి భాగంలో నాలుగు దాకా ఉంటాయి. సబ్జా కంకి కూడా ఇంతే. దాని గింజ తడి తగలగానే జిగురు పొర కట్టుకుంటుంది. షర్బత్‌లో కనిపించే ఆ పొరే మట్టిలో గింజ చుట్టూ తేమను నిలుపుతుంది. ఇంత చిన్న గింజల్ని లోతుగా పాతితే మొలక పైకి రాలేదు. మట్టి మీద చల్లి, వేళ్లతో పలచగా పొడిమట్టి రాలిస్తే చాలు.

కనకాంబరం గింజను పంచే తీరు చూసి తీరాలి. ఎండిన వెన్ను మీద నీటిచుక్క పడ్డ కాసేపటికి కాయ చిటుక్కున పగిలి, గింజలు దూరంగా ఎగిరిపడతాయి. వాన పడితేనే విత్తే ఏర్పాటు అది. మొలకకు కావలసిన తడి అప్పటికే నేలలో ఉంటుంది. విత్తనం దాచుకోవాలంటే వెన్ను ఎండగానే, తడి తగలకముందే కోసి కాగితం సంచిలో వేయాలి. ఢిల్లీ కనకాంబరం మాత్రం మూడు వరుసల క్రోమోజోములున్న రకం. అది గింజ కట్టదు, కొమ్మలు నాటుకోవలసిందే.

బంతి మెక్సికో ప్రాంతం నుంచి వచ్చినా పండుగలన్నిటికీ సొంతమైపోయింది. నర్సరీల్లో దొరికే పెద్ద ముద్దపూల రకాలు చాలావరకు సంకరాలు. వాటి గింజలు మొలుస్తాయి కానీ పిల్లమొక్కల పూలు తల్లిని పోలవు. ఏటా అదే పువ్వు కావాలనుకునేవారు నాటుబంతి పెంచడం మేలు. బంతి వేళ్లలోని రసాయనం వేరుబుడిపెల నులిపురుగుల్ని అణచగలదు కాబట్టి వంగ, టమాటా మడి పక్కన మొలిచిన వాటిని పీకకుండా వదిలేయాలి.

చంద్రకాంత విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. సాయంత్రం విచ్చే ఆ పూలు రాలాక మిగిలే నల్లటి ముడతల గింజ అచ్చం మిరియంలా ఉంటుంది. అది విషపూరితం. చిన్నపిల్లలున్న ఇంట్లో రాలిన గింజల్ని రోజూ ఏరేయాలి. మొక్క ఎండిపోయినా నేలలోని గడ్డ మళ్లీ చిగురిస్తుంది కనుక గింజలు ఏరినంత మాత్రాన మొక్క పోతుందన్న భయం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన విద్య మొలకను గుర్తుపట్టడం. తొలకరి తర్వాత మడి నిండా పచ్చదనం లేస్తుంది. అప్పుడే కలుపు పేరుతో మంచి మొలకలన్నీ పోతాయి. తులసి, సబ్జా మొలకల తొలి ఆకులు అరచందమామల్లా ఎదురెదురుగా ఉంటాయి. బంతి తొలి ఆకులు సన్నగా పొడుగ్గా ఉండి, తర్వాతి ఆకులు చీలికలుగా వస్తాయి. నలిపితే బంతి వాసనే. వయ్యారిభామకూ చీలికల ఆకులే గానీ అవి నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటాయి, బంతి వాసన ఉండదు. 1950ల మధ్యలో పుణె దగ్గర కంటబడి దేశమంతా అల్లుకున్న ఈ కలుపు చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది. చేతికి తొడుగు వేసుకుని, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. ఏదో తెలియని మొలకను మాత్రం నాలుగైదు ఆకులు వచ్చేదాకా ఉంచి చూడడం మంచిది.

మంచి మొలకలైనా గుంపుగా ఉంటే అన్నీ సన్నబడతాయి. తులసికి, బంతికి కనీసం జానెడు ఎడం ఉండాలి. మిగతావి తడి మట్టితో సహా లేపి, సాయంత్రం పూట వేరేచోట నాటితే బతుకుతాయి. తోటకూర మొలకలైతే కూరకే పనికొస్తాయి.

మేడ మీది కుండీల తోటలో రాలిన గింజ సిమెంటు మీద పడి వృథా అవుతుంది. విత్తనం కట్టిన మొక్క చుట్టూ మట్టి నింపిన ఖాళీ కుండీలు పెడితే అక్కడే మొలుస్తుంది. పైపుతో ధారగా పోస్తే గింజలు కొట్టుకుపోతాయి, సన్నని జల్లుగా తడపాలి. దాచే గింజల్ని నీడన బాగా ఆరబెట్టి, పేరు, నెల రాసిన కాగితం పొట్లాల్లో పొడిచోట ఉంచితే మరుసటి తొలకరికి పనికొస్తాయి.