మూడు షిఫ్టులూ ఒక్కరే చేయలేరు

20 ఏళ్ళ వయసులో అన్నీ ఒకేసారి మీద పడతాయి. చదువు చివరికొస్తుంది, ఉద్యోగం వెతుక్కోవాలి, ఇల్లు వదిలి వెళ్ళాలి, మధ్యలో ప్రేమ. తీవ్రమైన మానసిక జబ్బులు ఎక్కువగా బయటపడేది కూడా ఆ వయసులోనే. స్కిజోఫ్రీనియా మగపిల్లల్లో చాలావరకు 18, 25 ఏళ్ళ మధ్య, ఆడపిల్లల్లో ఇంకాస్త ఆలస్యంగా మొదలవుతుంది. బైపోలార్ జబ్బు కూడా చాలామందిలో ఈ వయసులోనే తొలిసారి కనిపిస్తుంది. అందుకే మనిషిలో వచ్చిన మార్పు చాలాసార్లు అమ్మానాన్నల కంటే ముందు ప్రేమించినవాళ్ళ కంట పడుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరివీ తెలుగు ఇళ్ళే. ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు బతుకుతెరువు కోసం వచ్చాయి. వీళ్ళ తాతలూ అలా వచ్చినవాళ్ళే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. కోచింగ్‌లో పరిచయం, మైత్రీబాగ్ పార్కులో కబుర్లు, ఉద్యోగం రాగానే ఇళ్ళల్లో చెప్పాలన్న నిర్ణయం.

అంతలో అబ్బాయి ఫోన్ ఎత్తడం మానేశాడు. రాత్రిళ్ళు నిద్రపోడు. స్నానం, తిండి, స్నేహితులు ఒక్కొక్కటే వదిలేశాడు. ఒకరోజు అన్నాడు: "నీ ఫోన్‌లోంచి నా మాటలు ఎవరో వింటున్నారు. వాళ్ళకి నువ్వే చెప్తున్నావు కదూ?"

అందరూ తలో కారణం చెప్పేవాళ్ళే

వాడి జీవితంలోకి ఇంకెవరో వచ్చారని అమ్మాయి అనుకుంటుంది. వాడికి పొగరెక్కిందంటారు స్నేహితులు. తల్లి దిష్టి తీస్తుంది. పక్కింటావిడ ఫలానా ఊళ్ళో మంచి బైగా, అంటే మంత్రం వేసేవాడు, ఉన్నాడని చెబుతుంది. తండ్రి మొబైల్ లాక్కుంటాడు. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ ఇన్ని కారణాల మధ్య నెలలు గడిచిపోతాయి. స్కిజోఫ్రీనియాలాంటి జబ్బుకు చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

టౌన్‌షిప్‌లో ఇంకో చిక్కుంది. క్వార్టర్లు గోడకు గోడ. ప్లాంటులో నాన్న పక్కన పనిచేసే ఆయనే వీధిలో ఎదురింటాయన. ప్లాంటువాళ్ళ సెక్టార్ 9 ఆసుపత్రికి వెళితే తెలిసిన మొహం ఎదురవకుండా ఉండదు. ఏం చెబుతాం? అందుకే కొన్ని ఇళ్ళవాళ్ళు "మేనత్తగారింట్లో పెళ్ళి" అని చెప్పి రాత్రికి రాత్రి విశాఖ రైలెక్కుతారు, చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలో చూపించుకుని చప్పుడు లేకుండా తిరిగొస్తారు. వెళ్ళడం మంచిదే. కానీ దాచిపెట్టిన చికిత్స ఎక్కువకాలం సాగదు. మళ్ళీ చూపించుకోవాల్సిన తేదీకి చెప్పడానికి ఇంకో పెళ్ళి దొరకదు.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. డాక్టర్లు తక్కువన్నది నిజమే. ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడటమూ అంతే నిజం.

కాబట్టి మొదటి పాఠం ఇది. రెండు మూడు వారాలపాటు నిద్ర, మాట, నమ్మకం, శుభ్రత అన్నీ కలిసి మారుతుంటే దాన్ని ప్రేమ సమస్యగా లెక్కగట్టకండి. కారణం వెతకడం డాక్టరుకి వదిలేసి, అక్కడికి వెళ్ళే దారి చూడండి. జబ్బు పేరు మీరు పెట్టనక్కర్లేదు.

పెళ్ళి మందు కాదు

పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అని మనకో సామెత ఉంది. సామెతగా నవ్వుకోవడానికి బాగుంటుంది. కొన్ని ఇళ్ళల్లో దాని రెండో సగాన్ని వైద్యంగా వాడేస్తారు, ముఖ్యంగా జబ్బు ఆడపిల్లకైతే. దూరపు సంబంధం చూసి, మాత్రల సంగతి చెప్పకుండా తాళి కట్టిస్తారు. పెళ్ళి రోజుల్లో మాత్రలు ఆగిపోతాయి, నిద్ర చెడుతుంది, కొత్త ఇంటి ఒత్తిడి తోడవుతుంది. జబ్బు తిరగబెట్టడానికి అంతకంటే ఏం కావాలి?

దాచిపెట్టి చేసిన పెళ్ళి హిందూ వివాహ చట్టం కింద కోర్టుకెక్కే అవకాశమూ ఉంది. అలాగని జబ్బు పేరు వినిపించగానే చట్టం విడాకులు చేతిలో పెట్టదు. స్కిజోఫ్రీనియా అన్న ముద్ర ఒక్కటే చాలదనీ, కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందో లేదో చూడాలనీ 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఒక తెలుగు దంపతుల కేసులోనూ అదే దారిలో నడిచి, భర్త కోరిన విడాకులు ఇవ్వలేదు. న్యాయస్థానం అడిగే ప్రశ్నే ప్రేమికులూ అడగాలి: పేరు సంగతి సరే, రోజు ఎలా గడుస్తోంది?

ప్రేమ ఎక్కువైనా చేటే

ఇక అసలు విషయం. ప్రేమ బలంగా ఉంటే జబ్బు తగ్గుతుందని మన సినిమాలు నేర్పాయి. పరిశోధన చెప్పింది వేరు.

1950ల చివర్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, మానసిక ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోగులు ఎక్కడ ఎలా ఉంటున్నారో ఆరా తీశాడు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళే, అన్నదమ్ముల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉన్నవాళ్ళ కంటే ఎక్కువగా ఆసుపత్రికి తిరిగొచ్చారు. దగ్గరి మనుషుల దగ్గర ఎందుకిలా? తర్వాతి ఏళ్ళలో ఆ ఇళ్ళల్లో మాటతీరును కొలిచారు. మూడు సంగతులు చేటు చేస్తున్నట్టు తేలింది. మొదటిది ఎత్తిపొడుపు. రెండోది ద్వేషం. మూడోదే మనం ఊహించనిది: ఊపిరాడనివ్వనంత ప్రేమ. అనుక్షణం కనిపెట్టుకుని ఉండటం, ప్రతి పనీ తామే చేసిపెట్టడం, ఎదురుగా కూర్చుని ఏడవడం. 1976లో వచ్చిన అధ్యయనంలో ఇంకో లెక్క బయటపడింది. ఇలాంటి బంధువుతో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం బాగా ఎక్కువ. ఆ గంటలు తగ్గినా, మందులు వాడుతున్నా ముప్పు తగ్గింది.

తర్వాత అదే కొలతతో చండీగఢ్‌లో చూస్తే, లండన్‌తో పోల్చినప్పుడు ఇలాంటి ఇళ్ళు తక్కువ కనిపించాయి. మన ఇళ్ళల్లో ఒక బలం ఉందన్నమాట. ఆ బలాన్ని 1950ల్లోనే గుర్తించినవాడు అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి డాక్టర్ విద్యాసాగర్. రోగి కుటుంబాన్ని గేటు బయట ఆపకుండా ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచాడు. జబ్బంటే ఏమిటో, మనిషితో ఎలా మెలగాలో ఇంటివాళ్ళు అక్కడే నేర్చుకున్నారు. తోడుండటం ఎవరికీ పుట్టుకతో రాదు. నేర్చుకుంటే వస్తుంది.

ఉక్కు ఊరు నేర్పే సంగతి

భిలాయ్ పిల్లలకు ఒక విషయం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కొలిమి ఆరకూడదు, అందుకే ప్లాంటు మూడు షిఫ్టుల మీద నడుస్తుంది. ఎంత నిపుణుడైనా మూడు షిఫ్టులూ ఒక్కడే చేయడు. చేస్తానన్నా చేయనివ్వరు, ఎందుకంటే నిద్రలేని మనిషి వల్ల ప్రమాదం. దిగిపోయేవాడు వచ్చేవాడికి పరిస్థితి అప్పజెప్పి ఇంటికెళ్ళి పడుకుంటాడు. అలా వెళ్ళినందుకు వాణ్ణి ఎవరూ పిరికివాడు అనరు.

ప్రేమించిన అమ్మాయి మాత్రం మూడు షిఫ్టులూ తనే చేయాలనుకుంటుంది. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేదీ తనే, ఉదయం మాత్ర గుర్తుచేసేదీ తనే, మధ్యాహ్నం వాళ్ళమ్మకు సర్దిచెప్పేదీ తనే. ఆరు నెలలు తిరిగేసరికి తన చదువు పోతుంది, ఓపిక పోతుంది, ఆ విసుగే ఎత్తిపొడుపై వాడి మీద పడుతుంది. పనిని పంచండి. మాత్రల బాధ్యత తల్లికి. ఆసుపత్రికి తీసుకెళ్ళేది అన్నయ్యో మావయ్యో. సాయంత్రం కాసేపు నడకకు తీసుకెళ్ళేది స్నేహితుడు. మీ వంతు ఏ గంటలో వాళ్ళకూ వాడికీ ముందే తెలియాలి. ఆ గంటలు అయిపోయాక ఫోన్ పక్కన పెట్టి నిద్రపోవడం మీ డ్యూటీలో భాగమే.

పెళ్ళి కాలేదు కాబట్టి డాక్టరు తనతో మాట్లాడడన్న భయం ఉంటే దానికీ దారుంది. 2018 మే 29న అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, వయసొచ్చిన ఏ మనిషైనా తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి బంధువే అయ్యుండాలన్న నియమం లేదు. జబ్బు ముదిరితే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు కూడా. మనసు నిలకడగా ఉన్న రోజుల్లో ఇద్దరూ కూర్చుని చేసుకోవాల్సిన పని ఇది.

ఏం మాట్లాడాలి?

"నా మాటలు ఎవరో వింటున్నారు" అన్నప్పుడు "నీకు పిచ్చా? ఎవరూ వినట్లేదు" అని వాదిస్తే మీరూ ఆ 'వాళ్ళ'లో చేరిపోతారు. "అవును, వింటున్నారు" అంటే భయం రెట్టింపవుతుంది. రెండింటి మధ్య ఒక మాటుంది: "నాకలా అనిపించట్లేదు. కానీ నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది. నిద్రపోయి ఎన్ని రోజులైంది?" నమ్మకం జోలికి వెళ్ళకుండా బాధను పట్టుకోవడం అంటే ఇదే. "డాక్టర్ దగ్గరికి పద, నీకేదో అయింది" అనేకంటే "నిద్ర పట్టట్లేదు కదా, దానికోసం ఒకసారి చూపిద్దాం" అంటే కదిలే అవకాశం ఎక్కువ.

మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. మత్తు, బరువు పెరగడం, చేతులు బిగుసుకోవడం రావచ్చు. "లావయ్యావు" అని నవ్వకండి, "ఇక మానెయ్" అనీ అనకండి. ఇబ్బంది డాక్టరుకి చెబితే మోతాదో మందో మారుస్తారు.

చచ్చిపోతానంటే మాత్రం అది ఇద్దరి మధ్య రహస్యంగా ఉంచకూడదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చినా సరే, ఇంట్లోవాళ్ళకు వెంటనే చెప్పాలి, ఒంటరిగా వదలకూడదు, ప్రమాదకరమైన వస్తువులు తీసేయాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సినిమా వదిలేసిన విడాకులు

గణితజ్ఞుడు జాన్ నాష్ కథ చాలామందికి 2001 నాటి హాలీవుడ్ సినిమా ద్వారా తెలుసు. ఆయనకూ అలీసియాకూ 1957లో పెళ్ళయింది. 1959లో, ఆమె గర్భవతిగా ఉన్నప్పుడు జబ్బు బయటపడింది. ఆమే ఆయన్ని ఆసుపత్రిలో చేర్పించింది. కొన్నేళ్ళు పోరాడి 1963లో విడాకులు తీసుకుంది. సినిమాలో ఈ ముక్క లేదు. 1970లో దిక్కులేక తిరుగుతున్న ఆయనకు తన ఇంట్లో చోటిచ్చింది, భార్యగా కాదు, ఇంటి యజమానురాలిగా. ఉద్యోగం చేసుకుంటూ, తిండీ గదీ ఇచ్చి, ఆయన్ని ఆయనకు వదిలేసింది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా కోలుకున్న నాష్‌కు 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 2001లో ఇద్దరూ మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. నాష్ 1970 తర్వాత మందులు వాడలేదు. అందరికీ అలా కుదరదు, మందు మానడానికి ఆయన కథ సాకు కాకూడదు. తీసుకోవాల్సింది అలీసియా నుంచి: దూరం జరగడం, తోడుండటం రెండూ ఒకే మనిషి చేయవచ్చు.

ఉండాలా, వెళ్ళాలా?

ఈ ప్రశ్నకు ఊరంతా జవాబు చెబుతుంది. ఉంటే త్యాగమూర్తి అంటారు, వెళితే అవసరవాది అంటారు. రెండు బిరుదులూ వదిలేయండి. జబ్బున్న మనిషితో జీవితాంతం నిండుగా బతికినవాళ్ళున్నారు. జాలితో ఉండిపోయి, ఆ జాలికి రోజూ వడ్డీ వసూలు చేసినవాళ్ళూ ఉన్నారు. చేయి చేసుకుంటున్నా, చికిత్సకు ససేమిరా అంటున్నా, మీ ఆరోగ్యం దెబ్బతింటున్నా వెళ్ళిపోవడం తప్పు కాదు. ఆ నిర్ణయం జబ్బు ఉధృతంగా ఉన్న వారంలో తీసుకోకండి. వెళ్ళేటప్పుడు చెప్పకుండా మాయమవకండి. మీ వంతు బాధ్యత ఇంకొకరికి అప్పజెప్పి, ముఖాన చెప్పి వెళ్ళండి. ఉండాలనుకుంటే వాణ్ణి రోగిగానే చూడటం మానేయండి. వాడి ఇష్టాలు, అభిప్రాయాలు, మీతో పోట్లాడే హక్కు జబ్బుతో పోలేదు.

వ్యక్తిత్వం అనేది మన చుట్టూ అంతా సవ్యంగా ఉన్నప్పుడు పెరిగేది కాదు. ఎంత మోయగలమో, ఎక్కడ ఇంకొకరి భుజం అడగాలో సరిగ్గా లెక్కవేయడంలో అది కనిపిస్తుంది. ఇది చదువుతున్న మీ మనసులో ఇప్పటికే ఒక పేరు మెదులుతుంటే, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా మోస్తుంటే, ఈ రోజే నమ్మకమైన ఇంకొక మనిషికి చెప్పండి. డాక్టరు, మందులు, పెళ్ళి, భవిష్యత్తు అన్నీ ఆ తర్వాత.