పంచాయతీ పనికి మనసెరుగు నేర్పు

గ్రామ పంచాయతీ సభ్యులు నేర్వవలసిన విషయములు అనేకము కలవు. తీర్మానము వ్రాయుట, జమాఖర్చులు చూచుట, ఇంటి పన్ను వసూలు, మంచినీటి సరఫరా, వీధి దీపములు - వీటన్నింటికిని నిబంధనలు కలవు. కాని గ్రామసభలో ఇద్దరు లేచి ఒకరిపై నొకరు కేకలు వేసికొనునప్పుడు ఏమి చేయవలెనో ఏ రిజిస్టరులోను వ్రాసి యుండదు. తన కోపమును తాను గుర్తించి అదుపులో నుంచుకొనుట, ఎదుటివాని మాట వెనుకనున్న బాధను గ్రహించుట కూడ ఒక విద్యయే. పనిచేయు చోట ఈ విద్య యొక్క విలువను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

దీనికి పండితులు భావోద్వేగ ప్రజ్ఞ యని పేరు పెట్టిరి. 1990లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనువారు దీనిని నిర్వచించిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ వ్రాసిన గ్రంథముతో ఇది లోకమంతట ప్రచారమునకు వచ్చెను. పిమ్మట అనేక దేశములలోని కార్యాలయములందును, కర్మాగారములందును దీనిలో శిక్షణ నిచ్చుట మొదలైనది. సాలొవే, మేయరులు చెప్పిన దానిలో నాలుగు మెట్లు కలవు. తనలోను ఇతరులలోను కలుగు భావములను గుర్తించుట మొదటిది. ఆ భావములను ఆలోచనకు తోడు చేసికొనుట రెండవది. అవి ఎందుకు కలిగినవో, ఎటు దారి తీయునో తెలిసికొనుట మూడవది. వాటిని తగిన రీతిని నడపుకొనుట నాలుగవది. దీని ప్రయోజనమును గూర్చి కొందరు మితిమీరి చెప్పిరని ఆక్షేపించిన పండితులును కలరు. ఐనను వినుట, ఓర్చుకొనుట, అర్థము చేసికొనుట అభ్యాసమువలన వృద్ధి పొందునన్నది మన పెద్దలకును తెలిసిన విషయమే.

ఈ నేర్పు లోపించిన పాలన ఎంత నష్టము తెచ్చునో తెలిసికొనుటకు మనము దూర దేశములకు పోనక్కర లేదు. ఆదిలాబాదు అడవులలో గోండులు, కోలాములు తరతరములుగా సేద్యము చేసికొని బ్రతుకుచుండిరి. నిజాము పాలనలో అడవులకు హద్దులు వేసి రక్షితారణ్యములుగా ప్రకటించినప్పుడు వారి పోడు భూములు అనేకము ఆ హద్దులలో చిక్కుకొనెను. చేతిలో పట్టా లేదు. దఫ్తరులలో నడచునది ఉర్దూ. గోండులు మాటలాడునది గోండీ. కింది ఉద్యోగులు పశువుల మేతకును, వంటచెరకునకును పీడించుచుండగా వారి మొర ఆలకించువారు లేకపోయిరి. ఆ బాధ కోపమై, కోపము తిరుగుబాటైనది. 1940లో జోడేఘాట్ వద్ద జరిగిన కాల్పులలో కుమ్రం భీము, ఆయన సహచరులు అసువులు బాసిరి.

ఇంత జరిగిన పిమ్మటనే గిరిజనుల కష్టములకు కారణము లేమని ప్రభుత్వము విచారింపబూనెను. ఆ పని ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫునకు అప్పగింపబడెను. ఆయన పట్టణమున కూర్చుండి నివేదిక వ్రాయలేదు. భార్య ఎలిజబెత్తుతో కూడ మార్లవాయి గ్రామమున నివసించి, గోండుల భాషను నేర్చి, వారి పండుగలలోను, దుఃఖములలోను పాలుపంచుకొనెను. 1943లో అచ్చటనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసెను. పిల్లలకు గోండీ భాషలోనే వాచకములు తయారైనవి. గిరిజనుల భూములకు పట్టాలిచ్చు కార్యక్రమమును ప్రభుత్వము చేపట్టెను. ఆ దంపతుల సమాధులు నేటికిని మార్లవాయిలోనే కలవు.

దీని నుండి మనము రెండు పాఠములు గ్రహింపవచ్చును. ఎదుటివాని మనసు తెలియవలెనన్న అతని భాషలో, అతని చోట, తీరికగా వినవలెననునది మొదటి పాఠము. విన్న తరువాత పని జరుగవలెననునది రెండవ పాఠము. గోండులకు కావలసినది మంచి మాట మాత్రమే కాదు, భూమి. చేతలు లేని తీయని మాట మరియొక మోసమే యగును. మనసెరుగు నేర్పు న్యాయమునకు దారి చూపును. న్యాయమునకు బదులు కాజాలదు.

ఇక మన పంచాయతీల సంగతి చూతము. తెలంగాణలో 2018 నాటి పంచాయతీ రాజ్ చట్టము ప్రకారము రెండు నెలల కొకసారి గ్రామసభ జరుగవలెను. ఆ సభయే ఈ విద్యకు పరీక్షాస్థలము. చెరువు తూము వద్ద నీటి వంతు కొరకు తగవు వచ్చినదనుకొందము. చివరి మడి రైతు నీరటివానిని దూషించుచు సభకు వచ్చును. అతని నోరు మూయింపజూచిన తగవు పెరుగును. "మీ పొలము ఎండినదని మీకు బాధగా నున్నది, అంతే కదా?" యని అడిగినచో అతడు తన కష్టమును వరుసగా చెప్పును. పిదప నీరటి మాటయు వినవలెను. ఇద్దరి మాటలను సభ్యుడు తన నోట తిరిగి చెప్పి, "ఇదేనా మీరన్నది?" యని నిర్ధారించుకొనవలెను. ఆ మీదనే వంతుల లెక్క తీయవలెను. సభ్యునికే కోపము వచ్చినచో తీర్మానమును కొంతసేపు ఆపుట మేలు.

పంచాయతీ యన్నది పనిచేయు చోటు కూడ. తెల్లవారక ముందే మురుగుకాలువ తీయు కార్మికుని నలుగురిలో గద్దించినచో పని చెడును, మనసు విరుగును. లోపమున్నచో ఒంటరిగా పిలిచి చెప్పవలెను; మెప్పు నలుగురిలో చెప్పవలెను. మన రాష్ట్రమున పంచాయతీ పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. ఎన్నికైన స్త్రీ మాటలాడబోవునప్పుడు ఆమె భర్తయో, తోటి సభ్యుడో అడ్డు తగిలినచో ఆమె మౌనమును అంగీకారమని భావింపరాదు. ఆమె మాట ముగియువరకు వేచియుండుట సభకు విధి.

ఈ నేర్పు ఉపన్యాసము వినినంత మాత్రమున రాదు. 1958లో ముస్సోరీలో ప్రారంభమై, పిమ్మట హైదరాబాదు రాజేంద్రనగరునకు తరలివచ్చిన జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వంటివి ఇట్టి శిక్షణలకు తోడ్పడగలవు. అంతవరకు సభ్యులు తమలో తామే అభ్యసింపవచ్చును. నెల కొకసారి కూడి, ఒకరు అర్జీదారుగను, మరియొకరు సర్పంచిగను నటించి, మూడవవాడు గమనించి లోపములు చెప్పవలెను. పిదప పాత్రలు మార్చుకొనవలెను. అర్జీదారు స్థానమున ఒకసారి నిలిచిన సభ్యుడు అర్జీని త్రోసివేయుటకు ముందు మరల ఆలోచించును. ఖర్చు లేని ఈ అభ్యాసమును రాబోవు గ్రామసభకు ముందే ఆరంభింపుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.