ఫ్రిజ్‌లో పెట్టిన కప్‌కేక్ ఎందుకు గట్టిపడుతుంది?



ఒకప్పుడు పుట్టినరోజు అంటే క్లాసులో తలా ఒక చాక్లెట్ పంచేవారు. ఇప్పుడు కప్‌కేక్‌ల డబ్బాలు వస్తున్నాయి. కొందరు బేకరీలో కొంటున్నారు, చాలామంది అమ్మలు ఇంట్లోనే ఓవెన్‌లో చేసి పంపిస్తున్నారు. వాటిని దాచే విషయంలో మాత్రం చాలా ఇళ్లలో ఒకటే జరుగుతోంది. క్రీమ్ లేని సాదా కప్‌కేక్‌లను పాడవుతాయని ఫ్రిజ్‌లో పెడుతున్నారు. క్రీమ్ పెట్టినవాటిని పొద్దున్నే టిఫిన్ బ్యాగులో సర్ది స్కూలు బస్సు ఎక్కిస్తున్నారు. చేయాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

కేకు రెండు విధాలుగా పాడవుతుంది. ఒకటి గట్టిపడటం, రెండోది చెడిపోవడం. గట్టిపడిన కేకు తింటే రుచి ఉండదు గానీ జబ్బు రాదు. చెడిన కేకు మెత్తగా, తియ్యగా, మంచి వాసనతోనే ఉండవచ్చు, అయినా పిల్లవాణ్ణి మంచాన పడేయవచ్చు.

ముందు గట్టిపడటం సంగతి. రాత్రి మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీసి చూడండి, మెతుకు బిరుసెక్కి ఉంటుంది. ఇడ్లీ కూడా అంతే. వేడి చేస్తే రెండూ మళ్లీ మెత్తబడతాయి. బియ్యంలోనూ మైదాలోనూ ఉండే స్టార్చ్ ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, దాని అణువులు విడిపోయి వదులవుతాయి. చల్లారాక అవే అణువులు మెల్లగా మళ్లీ దగ్గరికి జరిగి వరుసలు కడతాయి. అదే మనకు తగిలే బిరుసు. తడి ఆరిపోయి గట్టిపడిందని మనం అనుకుంటాం. 1852లో బూసింగో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రొట్టెను తడి బయటకు పోకుండా మూసి ఉంచినా గట్టిపడుతుందనీ, వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుందనీ చూపించాడు.

అణువులు ఇలా వరుస కట్టడం గది వేడిలో కంటే ఫ్రిజ్ చల్లదనంలో, అంటే 4 డిగ్రీల దగ్గర, వేగంగా జరుగుతుంది. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. కేకులో పంచదార, కొవ్వు, గుడ్డు ఉంటాయి కాబట్టి బ్రెడ్ అంత త్వరగా బిరుసెక్కదు గానీ, ఫ్రిజ్ దానికి మేలు మాత్రం చేయదు. వెన్నతో చేసిన కేకులో ఆ వెన్న కూడా గడ్డకట్టి ఇంకా గట్టిగా తగులుతుంది. నూనెతో చేసినవి కొంచెం నయం.

అయితే సాదా కప్‌కేక్ బయట ఎన్నాళ్లు ఉంటుంది? ఇంటర్నెట్‌లో చూస్తే మూడు నాలుగు రోజులని రాసి ఉంటుంది. ఆ లెక్క చల్లని దేశాల వంటిళ్లది. మైపాడు, కోడూరు వైపు ఇళ్లలో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు చెమ్మగా ఉంటుంది. అదే చెమ్మను కేకులోని పంచదార కూడా పీల్చుకుంటుంది. పైభాగం వేలికి అంటుకోవడం అందుకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానల కాలం, బూజుకు అంతకంటే అనువైన కాలం లేదు. కాబట్టి మన దగ్గర రెండు రోజులు, అంతే. పెరుగు వేసి చేసిన ఎగ్‌లెస్ కేకులు ఇంకాస్త తడిగా ఉంటాయి, వాటిని మర్నాటికే ముగించండి. ఒకచోట బూజు కనబడితే ఆ ముక్క గిల్లేసి మిగతాది తినిపించకండి. మెత్తని కేకులో బూజు పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకుతాయి.

సంక్రాంతికి చేసిన అరిసెలు వారాల తరబడి ఉంటాయి కదా, కేకు ఎందుకు ఉండదని ఒక అమ్మ అడిగారు. మంచి ప్రశ్న. అరిసెలో పాకం బెల్లం నీటిని పట్టేసుకుంటుంది, నూనెలో వేగేటప్పుడు మరికొంత తడి పోతుంది. సూక్ష్మజీవులకు దొరికే నీళ్లు అందులో చాలా తక్కువ. కేకు మెత్తగా ఉండేదే తడి వల్ల, ఆ తడే సూక్ష్మజీవులకూ కావాలి.

ఇక రెండోది, అసలు భయపడాల్సింది. ఫ్రెష్ క్రీమ్, చీజ్, కస్టర్డ్ ఉన్న కప్‌కేక్ ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే రోజులు ఉంటాయి. ఏడున్నరకు బస్సు ఎక్కిన డబ్బా పన్నెండున్నరకు లంచ్ బెల్లులో తెరుచుకుంటే ఐదు గంటలు. స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా మన చర్మం మీద, ముక్కులో మామూలుగానే ఉంటుంది. చేత్తో క్రీమ్ అలంకరించేటప్పుడు అది క్రీమ్‌లోకి చేరి, వేడిలో పెరిగి, విషపదార్థాన్ని వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసనలో, రుచిలో తేడా తెలియదు. తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు వాంతులు మొదలవుతాయి. అప్పటికి పిల్లవాడు ఇంటికి వచ్చి ఉంటాడు, మనం ఎండదెబ్బ అనుకుంటాం.

బేకరీల్లో వాడే వెజిటబుల్ క్రీమ్ ఎండకు అంత త్వరగా జారిపోదు. జారలేదు కదా అని బయట ఉంచకండి, గిలక్కొట్టిన తర్వాత దాని చోటు ఫ్రిజ్‌లోనే. పంచదార పొడి, వెన్న మాత్రమే కలిపిన ఐసింగ్‌లో బ్యాక్టీరియా అంత సులభంగా పెరగదు గానీ, మే నెల ఎండకు వెన్న కరిగి డబ్బా మూతకు అంటుకుంటుంది. పాపం, పొద్దున్నే కష్టపడి వేసిన గులాబీలన్నీ మూతకే.

ఇంట్లో చేసేవారికి నాలుగు మాటలు. ఓవెన్ నుంచి తీశాక జాలీ మీద పూర్తిగా చల్లారనివ్వండి, గంట పడుతుంది. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై కింది కాగితం ఊడొస్తుంది, బూజుకూ దారి అదే. చల్లారాక మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా చాలు. చీమల బెడద ఉంటే డబ్బాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి. పుట్టినరోజు వారం మధ్యలో వచ్చి ఆదివారమే తీరిక దొరికితే, ఐసింగ్ లేకుండా ఒక్కొక్కటి క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి, జిప్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు నెలలైనా బాగుంటాయి. ముందురోజు రాత్రి బయటపెట్టి, చుట్టిన ఫిల్మ్ విప్పకుండానే కరగనివ్వండి. చెమ్మ ఫిల్మ్ మీద పడుతుంది, కేకు మీద కాదు. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. మూసి ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే క్రీమ్ కేకులు పారేయాల్సిందే, ఖరీదు ఎంతైనా.

పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేయించండి. ఒకే విడతలో చేసిన మూడు సాదా కప్‌కేక్‌లు తీసుకుని ఒకటి స్టీలు డబ్బాలో, ఒకటి మూత పెట్టి ఫ్రిజ్‌లో, ఒకటి ఫ్రీజర్‌లో పెట్టండి. మర్నాడు మూడింటినీ గది వేడికి రానిచ్చి, కళ్లకు గుడ్డ కట్టి రుచి చూపించి, ఏది ఎక్కడిదో చెప్పమనండి. ఫ్రిజ్‌లోదాన్ని పదిహేను సెకన్లు మైక్రోవేవ్‌లో వేడి చేసి మళ్లీ తినిపించండి. ఏం తేడా వచ్చిందో తెలుగులో రెండు వాక్యాలు, ఇంగ్లిషులో రెండు వాక్యాలు నోట్సులో రాయించండి.

క్లాసులో పంచడానికైతే సాదా కప్‌కేక్‌లే పంపండి, పైన కాస్త పంచదార పొడి చల్లితే చాలు. క్రీమ్‌వే కావాలని పిల్లలు పట్టుబడితే సాయంత్రం ఇంటికి వచ్చాక ఫ్రిజ్‌లోంచి తీసి కోయండి. ఏం పంపినా ఒకరోజు ముందు డైరీలో రాయండి. గుడ్డు ఉందా, వేరుశెనగ గానీ జీడిపప్పు గానీ వేశారా అన్నది తప్పకుండా రాయండి. పడని పిల్లలు ఏ క్లాసులోనైనా ఉండవచ్చు.