సూర్యస్తుతి – కాంతివేగము

కాంతివేగము పాశ్చాత్యులకంటె ముందే మనవారికి తెలియునను మాట ఉపన్యాస వేదికలపై తరచుగా వినవచ్చుచున్నది. దీనికి ఆధారము సాయణాచార్యుల ఋగ్వేదభాష్యము. 14వ శతాబ్దిలో విజయనగర ప్రభువైన బుక్కరాయల ఆశ్రయమున వెలసిన ఆ మహనీయుడు, ప్రథమ మండలములోని సూర్యసూక్తమును వ్యాఖ్యానించుచు, సూర్యుడు అర నిమేషములో 2,202 యోజనములు సంచరించునను స్మృతివచనమును ఉదాహరించెను. దానిని లెక్కించినచో కాంతివేగమే వచ్చునని నేనును అనేక సభలలో చెప్పితిని.

ఒకనాడు సభ ముగిసిన పిమ్మట భౌతికశాస్త్ర విద్యార్థి యొకడు నమస్కరించి, "శాస్త్రిగారూ, యోజనమంటే ఎంత దూరమండీ?" అని అడిగెను. వెంటనే చెప్పలేకపోతిని. ఇంటికి పోయి గ్రంథములు విప్పితిని.

ఆర్యభటుడు భూవ్యాసము 1,050 యోజనములనెను. సూర్యసిద్ధాంతము 1,600 అనుచున్నది. భూవ్యాసము సుమారు 12,740 కిలోమీటర్లు గనుక మొదటి యోజనము 12 కిలోమీటర్లు, రెండవది 8. నిమేషమును అట్టిదే. మనుస్మృతి లెక్కన అది 0.18 సెకను, భాగవతము లెక్కన 0.43 సెకను. ఆర్యభటుని యోజనమును, మనువు నిమేషమును గ్రహించిన సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వచ్చును. యోజనము మార్చిన 2 లక్షలకు లోపు. నిమేషము మార్చిన లక్షా పాతికవేలు. రెండును మార్చిన 82 వేలు మాత్రమే. కోరిన ఫలమునిచ్చు కొలతను ఏరుకొనుట ప్రమాణము కాదు. పైగా ఆ వచనము చెప్పునది సూర్యుని సంచారమును గాని కిరణముల వేగమును గాదు.

కాంతి ప్రసరించుటకు కాలము పట్టునని 1676లో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహ గ్రహణములనుబట్టి నిరూపించెను. నేటి లెక్క సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. సూర్యుని తరువాత మనకు సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీనుండి వెలుగు వచ్చుటకే నాలుగేండ్లు దాటును. 1977లో పంపిన వాయేజర్-1, సెకనుకు 17 కిలోమీటర్ల తన వేగముతో అంత దూరము పోవలెనన్న 70 వేల ఏండ్లకు పైగా పట్టును. కావుననే కాంతిని మించు మార్గమేదైన కలదాయని శాస్త్రజ్ఞులును ఊహించుచుందురు. నౌకకు ముందున్న ఆకాశము సంకోచించి, వెనుకనున్నది వ్యాకోచించినచో అది సాధ్యమని 1994లో అల్క్యుబియర్ గణితము చెప్పెను. అందుకు ఋణశక్తి అపారముగా కావలెను. అది లభించు దారి నేటికిని లేదు.

2011లో ఐరోపాలోని ఒపెరా పరిశోధకులు, న్యూట్రినోలను కణములు 730 కిలోమీటర్ల దారిలో కాంతికంటె 60 నానోసెకనులు ముందుగా చేరినట్లు ప్రకటించి, పరీక్షింపుడని తోటివారిని కోరిరి. తీరా చూడగా ఒక తంతువు సరిగా బిగియలేదు! 2012లో ఆ దోషమును వారే లోకమునకు తెలిపిరి.

మన తర్కశాస్త్రము నేర్పినదియు ఇదియే గదా! హేతువు దుష్టమని తెలిసిన పిదప దానిని విడుచుటయే పాండిత్యము. ఉదయమున అర్ఘ్యమిచ్చువేళ మన దోసిలిపై పడు వెలుగు సూర్యుని విడిచి ఎనిమిది నిమిషములు దాటినది. ఈ సంగతి తెలిసినందున భక్తి తగ్గదు, తెలియనందున పెరుగదు. సూర్యస్తుతికి కిలోమీటర్ల సాక్ష్యము అక్కరలేదు.

నేను సభలలో చెప్పిన మాటను ఇందుమూలముగా ఉపసంహరించుకొనుచున్నాను. ఇకమీదట ఆ లెక్క చెప్పు ఉపన్యాసకులు యోజనము ఎవరిదో, నిమేషము ఎవరిదో కూడ చెప్పవలెనని ప్రార్థన.