పాత కొయ్యకు కొత్త మెరుగు: ముందు పరీక్ష, పిమ్మట పని

నెల్లూరు తీరమున మైపాడు, కృష్ణపట్నము పరిసర గ్రామములలోని పాత ఇండ్లయందు టేకు భోషాణములు, పడక కుర్చీలు, ఉయ్యాల బల్లలు నేటికిని కానవచ్చును. అవి మాసి నల్లబడినంతనే కొందరు గృహస్థులు వానిని తక్కువ వెలకు అమ్మివేయుదురు. మరికొందరు చిత్రికతో పైపొరనంతయు తీయించి రంగు పూయింతురు. రెండును తొందరపాటు పనులే. చెడినది కొయ్యయా, దానిపైనున్న పలుచని పూతయా అని ముందుగా తెలిసికొనవలెను. పూత పోయిన మరల పూయవచ్చును. చిత్రికకు పోయిన కొయ్య తిరిగి రాదు.

కారణము

గాలిలో తేమ హెచ్చినపుడు కొయ్య ఉబ్బును, తగ్గినపుడు కుదించుకొనును. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచును. అందుచే ఇనుప మేకులు తుప్పుపట్టి, చుట్టునున్న కొయ్యను నల్లబరచును. తేమ తగిలిన లక్క పూత తెల్లబారును. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినపుడు నెల్లూరు ప్రాంతమున అనేక గృహములలో నీరు చేరినది. అట్లు తడిసిన సామానును ఎండలో పెట్టరాదు. త్వరగా ఆరిన పైభాగము కుదించుకొని నెరియలు వాయును. నీడలో, గాలి ఆడు చోట, నేలకు తగులకుండ ఇటుకలపై నిలిపి మెల్లగా ఆరనీయవలెను.

ఈశాన్య ఋతుపవనములచే ఈ తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు హెచ్చు. కావున మెరుగు పెట్టు పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలములు.

పరీక్ష

మొదట తడి పిండిన బట్టతో దుమ్మును, ఉప్పును తుడిచి, వెంటనే పొడి బట్టతో ఒత్తవలెను. చిన్న రంధ్రముల నుండి క్రొత్తగా పొడి రాలుచున్నచో పుప్పి పురుగు ఇంకను ఉన్నదని అనుమానింపవలెను. దానిని నివారించిన పిదపనే తక్కిన పని. తరువాత కంటికి కనబడని మూలలో స్పిరిటు తడిపిన దూదితో రుద్దవలెను. పూత మెత్తబడి జిగురుగా అంటినచో అది లక్క పూత. దానిని గోకనవసరము లేదు.

పాత రంగు పూసినదైనచో మిక్కిలి జాగ్రత్త అవసరము. గృహోపయోగపు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని భారత ప్రభుత్వము 2016లో నియమములు వెలువరించినది. అంతకు పూర్వపు రంగులలో సీసము హెచ్చుగా ఉండవచ్చును. అట్టి రంగును పొడిగా గీకినచో లేచు ధూళి పిల్లల మెదడునకు హాని చేయును. కావున దానిని ఇంటిలో గీకరాదు.

పని

లీటరు స్పిరిటునకు సుమారు 120 గ్రాముల లక్క రేకులను గాజు సీసాలో వేసి, ఒక రాత్రి నాననిచ్చి వడకట్టవలెను. సన్నని గరుకు కాగితముతో, కొయ్య చారలు సాగిన దిక్కుననే, తేలికగా రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు మెరుగు పెట్టిన పిమ్మట స్పష్టముగా కనబడును. దూదిని మెత్తని నూలుబట్టలో చుట్టి, లక్కలో ముంచి, పిండి, పలుచగా పూయవలెను. ఒక పూత బాగుగా ఆరిన తరువాతనే మరియొకటి. మందమైన ఒక్క పూతకంటె పలుచని నాలుగు పూతలు మేలు.

స్పిరిటు త్వరగా అంటుకొనును. పొయ్యి, దీపము, సిగరెట్టు దగ్గర ఉండరాదు. కిటికీలు తెరచి పని చేయవలెను. కొందరు అవిసె నూనెతో మెరుగు పెట్టుదురు. ఆ నూనె గుడ్డలను ముద్దగా పడవేసినచో వానిలో వేడి పుట్టి, నిప్పు తగులకయే మండవచ్చును. వానిని ఆరుబయట విప్పి ఆరవేయవలెను. లక్క పూత వేడి గిన్నెలకు తాళదు. కావున భోజనపు బల్లకు తగదు, భోషాణమునకు తగును.

ఈ పనికి గొప్ప నేర్పు అక్కరలేదు, ఓర్పు కావలెను. పూర్వపు వడ్రంగి ఉలి గుర్తులు, పెద్దల చేతులు తగిలి నునుపెక్కిన అంచులు ఆ కొయ్యలోనే ఉన్నవి. వానిని చెరపక, పైనున్న మాలిన్యమును మాత్రమే తొలగించుట మంచి పనివాని లక్షణము. చదువరులు ఈ మారు ఇంటిలోని పాత పెట్టెను పారవేయబోవుటకు ముందు, స్పిరిటు తడిపిన చిన్న దూదితో ఒక మూలను పరీక్షింతురుగాక.